లంబసింగిలో రెండు రాత్రులు: టెంటులోకి ఏమేం సర్దుకోవాలి?

ప్రశ్న: డిసెంబరు మూడో వారంలో లంబసింగి వెళ్ళి రెండు రాత్రులు టెంటులో ఉందామనుకుంటున్నాం. మా ఆయన, నేను, పిల్లలిద్దరు (పాపకి 11, బాబుకి 6), మా అత్తగారు (66). టెంట్లు అక్కడివాళ్ళే వేసిస్తారు. మనిషికో పల్చటి పరుపు, ఒక రగ్గు ఇస్తామన్నారు. మాది చిన్న కారు, డిక్కీలో రెండు సంచులు పడితే గొప్ప. ఇల్లంతా మోసుకెళ్ళాలని లేదు. అలాగని పిల్లలూ పెద్దావిడా రాత్రంతా వణుకుతూ కూర్చుంటే చూడలేను. బాబుకి ఘాట్‌ రోడ్డు పడదు, వాంతులవుతాయి. అత్తగారికి షుగరు, మోకాళ్ళ నొప్పులు. హాయిగా గడవడానికి చిన్నచిన్న వస్తువులేం పట్టుకెళ్ళాలి? తినడానికి ఏం చేసుకెళ్ళాలి? పాలు అక్కడ దొరుకుతాయా, వెంట తీసుకెళ్ళాలా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: సర్దడం మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద మూడు వేళలు రాసుకోండి. పొద్దుగూకాక మొదటి గంట, పడుకోబోయే ముందు అరగంట, తెల్లవారుజామున 3 నుంచి 6 వరకు. లంబసింగిలో ఇబ్బందంతా ఈ మూడు వేళల్లోనే. పగలు ఎండ బాగానే కాస్తుంది, పది దాటితే పిల్లలు స్వెట్టర్లు విప్పేస్తారు. కాబట్టి ఏ వస్తువు చేతిలోకి తీసుకున్నా, ఇది ఈ మూడింటిలో ఏ వేళకి పనికొస్తుందో చూడండి. దేనికీ రాకపోతే ఇంట్లోనే ఉంచేయండి. సగం బరువు అక్కడే తగ్గిపోతుంది.

ఊరు సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఉష్ణోగ్రత ఒక్క అంకెలోకి దిగడం అక్కడ మామూలు. కొన్ని రోజులు 5 డిగ్రీల లోపుకీ పోతుంది. గోదావరి గట్టున 18 డిగ్రీలకే దుప్పటి కప్పుకునే మనకి అది ఎంత తేడానో ఊహించుకోండి. దానికి తోడు మంచు. తెల్లారేసరికి బయట ఆరేసిన తువ్వాలు పిండితే నీళ్ళు కారతాయి.

ముందు పడక సంగతి. చలి పైనుంచి వస్తుందనుకుని అందరూ రగ్గుల మీద రగ్గులు మోస్తారు. టెంటులో అసలు చలి కిందినుంచి వస్తుంది. పల్చటి పరుపు ఒంటి బరువుకి అణిగిపోతుంది, అందులో గాలి నిలవదు, నేల ఒంట్లోని వేడిని రాత్రంతా లాగేస్తూనే ఉంటుంది. పైన నాలుగు రగ్గులు కప్పుకున్నా వీపు మాత్రం చల్లగానే ఉందని జనం అనడానికి కారణం ఇదే. మీ దగ్గర మనిషికి మూడు దుప్పట్లుంటే రెండు కింద వేయండి, ఒకటి పైన కప్పండి. కింద వేయడానికి మన బొంతని మించింది లేదు. పాత చీరలు పొరలుపొరలుగా కుట్టిన బొంత అంత తేలిగ్గా అణగదు, పొరల మధ్య గాలి నిలుస్తుంది. రెండు పెద్ద బొంతలు చాలు. వాటిని డిక్కీలో పెట్టకండి, నాలుగు మడతలు వేసి వెనక సీటు మీద పరిచి దాని మీదే కూర్చోండి. చోటు కలిసొస్తుంది, పెద్దావిడకి దారిలో నడుముకీ మెత్తగా ఉంటుంది.

పిల్లలు ఆడుకునే ఫోమ్‌ పలకలు, ఒకదానికొకటి తగిలించేవి, ఇంట్లో ఉంటే మూడు తీసుకెళ్ళండి. రెండడుగుల చదరం పలకలు మూడు వరసగా పెడితే ఆరడుగుల పడక అవుతుంది. అది మీ అత్తగారి పరుపు కిందకి. గాలి ఊదే పరుపు మాత్రం వద్దు. చూడ్డానికి మెత్తగా ఉంటుంది కానీ లోపలి గాలి అటూ ఇటూ తిరుగుతూ నేల చలిని నేరుగా వీపుకి చేరుస్తుంది. ఇలాంటి చోట తెల్లవారుజామున మెలకువ తెప్పించేది ఎక్కువగా అదే.

తలగడలు ఎవరివి వాళ్ళు తీసుకెళ్ళాలి. చోటు లేదని మొదట మానేసేది వీటినే, పిల్లలు నిద్రపట్టక పేచీ పెట్టేదీ వీటి కోసమే. బాబు తలగడ అలాగే తీసుకెళ్ళండి, ఇంటి వాసన ఉన్న గలీబు ఉంటే కొత్త చోట తొందరగా పడుకుంటాడు. మిగతావాళ్ళకి ఖాళీ గలీబులు చాలు, వాటిలో మర్నాటి బట్టలు కుక్కితే తలగడ అయిపోతుంది. ఆ బట్టలు రాత్రంతా తల కింద వెచ్చబడి పొద్దున తొడుక్కోవడానికి హాయిగా కూడా ఉంటాయి.

నిద్రబట్టలు మనిషికో జత విడిగా కవర్లో కట్టి ఉంచండి. పగలు వేసుకున్న బనీను చెమటతోనో మంచుతోనో కాస్తయినా తడిసి ఉంటుంది. నూలుబట్ట తడిస్తే తొందరగా ఆరదు, దానితోనే పడుకుంటే రెండింటికల్లా వణుకు మొదలవుతుంది. పడుకునే ముందు లోపలి బట్టలతో సహా మార్చేయాలి. ఊలు మేజోళ్ళు మనిషికి రెండు జతలు, అందులో ఒకటి నిద్రకి మాత్రమే, దానితో బయట అడుగు పెట్టకూడదు. రెండు జతలు ఒకదాని మీద ఒకటి బిగుతుగా తొడిగితే కాలికి రక్తం సరిగా ఆడక ఇంకా చల్లబడతాయి. వదులుగా ఉన్న ఒక్క జతే వెచ్చన. తలకి మంకీ టోపీ. పాప ముఖం చిట్లిస్తుంది, పగలు పెట్టమని పట్టుపట్టకండి, రాత్రికి తనే అడిగి తీసుకుంటుంది.

రబ్బరు వేడినీళ్ళ సంచులు రెండు తీసుకోండి. ఖాళీగా ఉంటే అరచేతి మందం కూడా ఉండవు, ఈ ప్రయాణంలో అంత సుఖమిచ్చే వస్తువు ఇంకొకటి లేదు. వాడే తీరు ముఖ్యం. సలసలా కాగే నీళ్ళు పోయకండి, దించి ఐదు నిమిషాలు ఆగి పోయండి. మూడింట రెండొంతులే నింపి, సంచిని బల్లకి ఆనించి మెల్లగా నొక్కి లోపలి గాలి బయటికి పంపి, అప్పుడు మూత బిగించండి. గాలి ఉండిపోతే సంచి ఉబ్బి మూత దగ్గర కారుతుంది. తలకిందులుగా పట్టుకుని చూశాకే పక్కలోకి. పాత మేజోడులోనో చిన్న తువ్వాల్లోనో చుట్టి, పడుకోవడానికి 20 నిమిషాల ముందు కాళ్ళు వచ్చే చోట దుప్పటి కింద పెట్టండి. ఏళ్ళ తరబడి అటక మీద ఉన్న సంచి అయితే మడతల దగ్గర రబ్బరు పగిలిందేమో ఇంట్లోనే నీళ్ళు పోసి చూసుకోండి.

మీ అత్తగారి విషయంలో ఒక జాగ్రత్త. షుగరు ఉన్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు, వేడి కాలుతున్నా తెలియదు. ఆవిడ పక్క వెచ్చబడ్డాక సంచి తీసేసి అప్పుడు పడుకోబెట్టండి. కాళ్ళకి ఆనించి వదిలేయవద్దు.

కుంపటి గానీ, బొగ్గుల బకెట్టు గానీ, గ్యాసు స్టవ్వు గానీ, దోమల చుట్ట గానీ టెంటు లోపల వెలిగించకండి. చలిమంట ఆరాక మిగిలిన నిప్పులు ఒక గిన్నెలో వేసి లోపల పెట్టుకుందామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. బొగ్గు కాలినప్పుడు కార్బన్‌ మోనాక్సైడ్‌ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, నిద్రలో ఉన్నవాళ్ళు లేవకుండానే ప్రాణాలు పోతాయి. జిప్పు కొంచెం తెరిచి ఉంచాం కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. అవసరమైతే కారులో వెళ్ళి ఇంకో దుప్పటి అద్దెకి తెచ్చుకోండి, నిప్పు మాత్రం బయటే.

అలాగని జిప్పులన్నీ బిగించేసుకున్నా ఇంకో బాధ. ఐదుగురి ఊపిరిలోని తేమ చల్లటి గుడ్డకి తగిలి నీళ్ళవుతుంది, తెల్లవారుజామున చుక్కలు ముఖం మీద పడతాయి. టెంటు కారుతోందని చాలామంది అనుకుంటారు, కారడం కాదది. పైనున్న చిన్న కిటికీ, తలుపు పైభాగం నాలుగు వేళ్ళ మేర తెరిచి ఉంచండి. పడకలు గోడకి తగలకుండా జానెడు లోపలికి జరపండి. ఒక పొడి నూలుగుడ్డ చేతికందేలా ఉంచుకుంటే లేవగానే గోడలు తుడిచేయొచ్చు. బూట్లు బయట వదలకండి, మంచుకి తడుస్తాయి, పురుగూ పుట్రా దూరుతుంది. కవర్లో పెట్టి లోపల గుమ్మం పక్కన ఉంచి, పొద్దున దులిపి తొడగండి.

వెలుతురు గురించి పెద్దగా ఆలోచించనక్కర్లేదు. మనిషికో చిన్న టార్చి, పిల్లలవి వాళ్ళ దగ్గరే ఉండాలి. తన టార్చి తన తలగడ కింద ఉందంటే బాబు చీకటికి భయపడడు. టెంటులో అందరికీ కలిపి ఒక దీపం కావాలంటే టార్చిని నీళ్ళ సీసా అడుగుకి ఆనించి నిలబెట్టండి, వెలుగు కళ్ళలో గుచ్చకుండా నలుమూలలా పరుచుకుంటుంది. ఫోన్లూ పవర్‌ బ్యాంకూ రాత్రి దుప్పట్లోనే పెట్టుకోండి. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది.

మోకాళ్ళ నొప్పులున్న మనిషికి టెంటులో కష్టం చలి కంటే లేవడం, కూర్చోవడం. నేల మీద పడుకున్నావిడ రాత్రి బాత్రూముకి లేవాలంటే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అడుగున్నర ఎత్తు ప్లాస్టిక్‌ స్టూలు ఒకటి టెంటు లోపల ఆవిడ తల దగ్గర ఉంచండి. దాని మీద చేతులాన్చి లేస్తారు, పగలు మంట దగ్గర కూర్చోవడానికీ అదే. తిరగేసి అందులో చెప్పులు, టార్చీలు పెడితే కారులో చోటు వృథా కాదు. ఆవిడకి తలుపు పక్క పడక ఇవ్వండి. అడ్వాన్సు కట్టే ముందే టెంటువాళ్ళని రెండు ప్రశ్నలడగండి: బాత్రూము ఎన్ని అడుగుల దూరం? దారిలో రాత్రంతా లైటు ఉంటుందా? సమాధానం తిన్నగా రాకపోతే, లేదా ఆవిడకి ఆయాసం, గుండెజబ్బు లాంటివి కూడా ఉంటే, ఊళ్ళో ఒక గది అద్దెకి తీసుకోండి. సాయంత్రం అందరూ మంట దగ్గర కూర్చుని, రాత్రికి ఆవిడా ఇంకొకరూ గదిలో పడుకోవచ్చు. పెద్దవాళ్ళని టెంటులోనే పడుకోబెట్టాలన్న పట్టుదలకి అర్థం లేదు. మందులు రెండు రోజులకి బదులు నాలుగు రోజులవి పెట్టుకోండి. ఇన్సులిన్‌ వాడుతుంటే దాన్ని రాత్రి బయట చలికి వదలకుండా సంచిలో బట్టల మధ్య ఉంచండి, పగలు ఎండలో కారులో వదలకండి.

ఇక తిండి. పొద్దుగూకగానే చలి ఒక్కసారిగా దిగుతుంది, అదే సమయానికి పిల్లలకి ఆకలి. ఆ మొదటి గంటలో వేడివేడిగా ఏదో ఒకటి చేతికివ్వగలిగితే సాయంత్రం గట్టెక్కినట్టే. దానికి చారు ముద్ద చేసుకెళ్ళండి. గింజ తీసిన చింతపండు 50 గ్రాములు వేడినీళ్ళలో నానబెట్టి చిక్కటి గుజ్జు తీయండి. బాణలిలో రెండు పెద్ద చెంచాల నూనె పోసి ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు వేయించి, గుజ్జు, పసుపు, రెండు చిన్న చెంచాల ఉప్పు వేసి సన్నటి సెగ మీద ఉడికించండి. ముద్ద దగ్గరపడి గిన్నెకి అంటకుండా నూనె తేలాక మూడు చిన్న చెంచాల చారుపొడి, ఒక చెంచా మిరియాల పొడి కలిపి దించేయండి. పూర్తిగా చల్లారాకే పొడి సీసాలోకి. గ్లాసు మరుగుతున్న నీళ్ళకి ఒక చిన్న చెంచా ముద్ద, కలిపి తాగడమే. ఉప్పు, కారం ఇంట్లోనే ఒక గ్లాసు కలిపి చూసుకోండి. గుజ్జులో నీరు మిగిలిపోతే రెండో రోజుకే బూజు వాసన వస్తుంది, అందుకే నూనె తేలేదాకా ఉడికించమన్నది. షుగరున్న ఆవిడకీ ఇది అభ్యంతరం లేని వేడి పానీయం. బెల్లం ముక్క మాత్రం వేయకండి.

పొద్దున ఫలహారానికి వేయించి తెచ్చిన ఉప్మా రవ్వ. ఐదుగురికి ఒక పూటకి రెండు కప్పుల బొంబాయి రవ్వ, అంటే సుమారు 350 గ్రాములు. నాలుగు పెద్ద చెంచాల నూనెలో శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, జీడిపప్పు వేయించి, కరివేపాకు వేసి గలగలలాడేదాకా ఆగండి. ఆకులో తడి ఉండిపోతే రవ్వంతా ముక్కవాసన పట్టేది దానివల్లే. రవ్వ పోసి సన్నసెగ మీద ఎనిమిది పది నిమిషాలు కలుపుతూ వేయించి, ఉప్పు రెండు చిన్న చెంచాలు, శొంఠిపొడి అరచెంచా కలపండి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వేయకండి, నిలవ ఉండదు. పళ్ళెంలో పరిచి చల్లార్చి, ఒక్కో పూటకి ఒక్కో కవరు కట్టండి. అక్కడ ఐదు కప్పుల నీళ్ళు మరిగించి, ఒక చేత్తో రవ్వ సన్నగా పోస్తూ ఇంకో చేత్తో కలిపి మూతపెడితే ఐదు నిమిషాల్లో తయారు. చలికి తొందరగా బిగుసుకుంటుంది కాబట్టి నీళ్ళు ఇంట్లో కంటే అరకప్పు ఎక్కువే పోయండి.

మొదటి రోజు మధ్యాహ్నానికి పులిహోర సరే, అరకిలో బియ్యానికి చేస్తే చాలు. దాన్ని రాత్రికి దాచుకోవద్దు. పాడవదు గానీ చలికి మెతుకు బిరుసెక్కి గొంతు దిగదు. రాత్రి భోజనం టెంటువాళ్ళతోనో దగ్గర్లోని హోటల్లోనో చెప్పుకోండి, వేడి అన్నంలోకి మీ కందిపొడి, నెయ్యి, ఆవకాయ ఉంటే పిల్లలు పేచీ పెట్టరు. నెయ్యి సీసాలో వద్దు, చలికి గడ్డకట్టి బయటికి రాదు, వెడల్పు మూతి చిన్న స్టీలు డబ్బాలో పెట్టండి. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, సన్న మూతి సీసాలో తెస్తే అక్కడ ఒక్క చుక్క రాదు. పగిలిన పెదాలకీ చెంపలకీ అదే కావాలి కాబట్టి చిన్న డబ్బాలోకి తీసుకోండి. ఊరగాయ సీసా మూత ఘాట్‌ ఎక్కాక ఒకసారి జాగ్రత్తగా తెరిచి మూయండి. పైన గాలి ఒత్తిడి తక్కువ, లోపల బిగుసుకున్న గాలి నూనెని బయటికి నెడుతుంది. చిప్స్‌ ప్యాకెట్లు ఉబ్బడానికీ కారణం అదే, అవి చెడిపోలేదు.

చిరుతిళ్ళకి ఒకే పెద్ద డబ్బా పనికిరాదు. జంతికలు, చేగోడీలు, కారప్పూస, ఏవైనా సరే, పొగమంచులో మూత తీసి పెడితే గంటలో మెత్తబడిపోతాయి. వంద గ్రాముల చొప్పున చిన్న కవర్లు కట్టి, ఒకటి అయ్యాకే ఇంకొకటి విప్పండి. పిల్లలిద్దరికీ చెరో చిన్న గుడ్డసంచి ఇచ్చి, రోజుకి రెండు పల్లీ చిక్కీలు, రెండు చాక్లెట్లు, ఒక కవరు కారప్పూస వేసి, ఎప్పుడు తినాలో వాళ్ళకే వదిలేయండి. తమ సంచి తమదే అన్న సంబరం పెద్ద డబ్బా నిండా తినుబండారాలున్నా రాదు. చాక్లెట్లు తుని దాకా ఎండలో కరగకుండా బట్టల మధ్యలో పెట్టండి, పైకెళ్ళాక వాటికే భయం లేదు.

సున్నుండలు తప్పక చేయండి, చలికి ఇంతకంటే మంచి తీపి లేదు. పావుకిలో మినప్పప్పు దోరగా వేయించి విసిరిన పిండి, 200 గ్రాముల బెల్లం, 120 గ్రాముల నెయ్యి కలిపితే ఉసిరికాయ కంటే కాస్త పెద్దవి పద్దెనిమిది దాకా వస్తాయి. ఇంట్లో చేసేంత పెద్దవి చేయకండి. అక్కడ నెయ్యి గట్టిపడి ఉండ రాయిలా ఉంటుంది, పెద్దది కొరకడం పిల్లల వల్ల కాదు. తినే ముందు డబ్బాని పది నిమిషాలు మంటకి రెండడుగుల దూరంలో పెడితే మళ్ళీ నోట్లో కరుగుతాయి. అత్తగారికి వేయించిన వేరుశనగలు, శనగలు విడిగా కట్టండి, అందరూ తింటుంటే ఆవిడ చేయి ఖాళీగా ఉండకూడదు.

మంట దగ్గర కాల్చుకోవడానికి తేగలు. సీజను అదే కదా, గోదావరి జిల్లాల నుంచి వెళ్తూ తేగలు పట్టుకెళ్ళకపోవడం అన్యాయం. ఉడకబెట్టినవి కాకుండా పచ్చివి ఒక కట్ట కొనండి. మంట ఎగిసేటప్పుడు వేస్తే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. మంట తగ్గి నిప్పులయ్యాక వాటి మీద పరిచి, తిప్పుతూ పావుగంట ఇరవై నిమిషాలు కాల్చండి. పైపొర నల్లబడి, నొక్కితే లోపల మెత్తగా తగలాలి. తొక్క తీసి నిలువునా చీల్చి మధ్యలోని లేత మొలక, చందమామ అంటామే, అది పిల్లలకివ్వండి. పిల్లలకి ఒక్కోటి చాలు, పీచు ఎక్కువ కాబట్టి రాత్రిపూట ఎక్కువ తింటే కడుపు బరువెక్కుతుంది. చిలగడదుంపలు గుప్పిట్లో పట్టేంతవి ఎంచి, నిప్పుల పక్కన వేడి బూడిదలో కప్పెట్టండి, నలభై నిమిషాలు పడుతుంది. పిల్లలు మధ్యలో పదిసార్లు తీసి చూస్తారు, తీసినప్పుడల్లా ఇంకో ఐదు నిమిషాలు కలుపుకోండి.

మంట విషయం: టెంటువాళ్ళు చూపించిన చోటే వేయాలి. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరం, ఆ కొండల్లో ఎండుటాకులు క్షణంలో అంటుకుంటాయి. పక్కన బకెట్టు నీళ్ళు ఉండాలి. పిల్లల జాకెట్లు నైలానువి అయితే నిప్పురవ్వ పడితే కరిగి కన్నం పడుతుంది, ఒంటికి అంటుకుంటుంది కూడా. మంట దగ్గర పైన ఒక పాత నూలు శాలువా కప్పండి.

స్టవ్వు మీరే తీసుకెళ్తే, చిన్న గ్యాసు డబ్బాల్లో ఉండేది ఎక్కువగా బ్యూటేన్‌. అది సున్నా డిగ్రీల దగ్గరికొచ్చేసరికి ఆవిరి కావడం దాదాపు ఆగిపోతుంది. పొద్దున ఐదింటికి సెగ నీరసంగా వస్తుంటే గ్యాసు అయిపోయిందనుకోకండి. డబ్బాని రాత్రి టెంటులో దుప్పటి మడతలో ఉంచి పొద్దున తీయండి, బాగా మండుతుంది. దాన్ని మంట దగ్గర వెచ్చబెట్టే ప్రయత్నం ఎప్పుడూ చేయకండి. ఆ అవస్థ కూడా లేకుండా ఉండాలంటే లీటరు ఫ్లాస్కు ఒకటి చాలు. రాత్రి ముందుగా మరిగే నీళ్ళు పోసి ఐదు నిమిషాలుంచి పారబోసి, మళ్ళీ మరిగే నీళ్ళతో అంచుదాకా నింపండి. ఉత్త నీళ్ళే పోయండి. పాలు కలిపిన టీ రాత్రంతా ఫ్లాస్కులో ఉంటే పొద్దుటికి వాసనేస్తుంది. ఆ నీళ్ళతో తెల్లవారుజామున పిల్లల పళ్ళు తోమించవచ్చు, ముఖం తుడవవచ్చు, పెద్దావిడకి గ్లాసెడు వేడినీళ్ళివ్వచ్చు. ఇవన్నీ ఎంత చిన్నవో అంత సుఖం.

బాబుకి ఘాట్‌ గురించి: బయల్దేరే ముందు పాలు, నూనె వంటకాలు వద్దు. ఘాట్‌ ఎక్కడానికి రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు పెట్టండి, ఖాళీ కడుపూ మంచిది కాదు. నర్సీపట్నంలో ఆగి పది నిమిషాలు నడిపించండి. అక్కడి నుంచి ఫోను, బొమ్మల పుస్తకం చేతికివ్వకండి, వాడికి ముందు దారి కనిపించేలా వెనక సీటు మధ్యలో బెల్టు పెట్టి కూర్చోబెట్టండి, కిటికీ కొద్దిగా దించండి. ఎండు ఉసిరి ముక్క బుగ్గన పెడితే కొంత ఉపశమనం. అప్పటికీ ఆగదనుకుంటే బరువుకి తగ్గ మందు మీ పిల్లల డాక్టరుని అడిగి తీసుకోండి. మూతి బిగించే కవర్లు నాలుగు, తడిగుడ్డ, ఒక జత బట్టలు డిక్కీలో కాకుండా సీటు కిందే ఉండాలి. పెట్రోలు, నగదు కూడా నర్సీపట్నంలోనే చూసుకోండి. పైన ఫోను సిగ్నల్‌ అన్నిచోట్లా నిలకడగా ఉండదు, ఫోనుతో చెల్లింపులు నమ్ముకోవద్దు.

చీకటిపడ్డాక నిద్రకి ముందు రెండు గంటలు టెంటులోనే గడవాలి. పేకముక్కలు గాలికి ఎగురుతాయి. పాత తువ్వాలు మీద మార్కరుతో ఐదు గళ్ళు ఐదు వరసలు గీసి, నాలుగు గవ్వలు ముడివేసి పెట్టుకోండి. అష్టాచమ్మా అత్తగారికి నేర్పనక్కర్లేదు, పిల్లలకి ఆవిడే నేర్పుతారు. శని, ఆదివారాల్లో అర్ధరాత్రి దాటాక కూడా కార్లు వస్తూనే ఉంటాయి, పాటలూ కేకలూ ఉంటాయి. వీలైతే సోమవారం నుంచి గురువారం మధ్య వెళ్ళండి, లేకపోతే చెవులకి దూది.

అక్కడే కొనుక్కోవలసినవి ఇంటి నుంచి మోయకండి. ఆ ఋతువులో తోటల్లో స్ట్రాబెర్రీలు కోస్తుంటారు, బాగా కడిగి కొంచెం తేనెతో ఇస్తే పిల్లలకి పండగే. ఏజెన్సీ సంతల్లో అడ్డాకుల విస్తళ్ళు దొరుకుతాయి. ఒక కట్ట కొంటే పళ్ళేలు కడిగే పని ఉండదు, చల్లటి నీళ్ళలో గిన్నెలు తోమే బాధ తప్పుతుంది, డబ్బు అమ్మినవాళ్ళ చేతికే వెళ్తుంది. ప్లాస్టిక్‌ పళ్ళేలు, గ్లాసులు పట్టుకెళ్ళకండి. పట్టుకెళ్ళిన కవర్లన్నీ ఒక సంచిలో వేసి కిందికి తెచ్చేయండి. తినుబండారాలు రాత్రి టెంటులో ఉంచితే చీమలు, ఎలకలు, కుక్కలు, మూడూ వస్తాయి. కారులో పెట్టి తాళం వేయండి. అరటిపళ్ళ తొక్క చలికి నల్లబడుతుంది, లోపల పండు బాగానే ఉంటుంది, పారేయకండి.

చివరగా పాలు. ఊళ్ళో టీ దుకాణాల్లో పాలుంటాయి గానీ మీకు కావలసిన వేళకి, కావలసినన్ని దొరుకుతాయన్న భరోసా లేదు. పిల్లలిద్దరికీ రెండు పూటల చొప్పున రెండు రోజులకి లీటరు పావు దాకా అవుతుంది, కాబట్టి 200 మిల్లీలీటర్ల పాల పెట్టెలు ఆరు తీసుకోండి. ఇవి తెరిచేదాకా ఫ్రిజ్‌ అక్కర్లేదు, తెరిచింది అప్పుడే అయిపోతుంది. లీటరు పెట్టె తెరిచి మిగిల్చి దాచడం పగటి ఎండలో ప్రమాదం. పెద్దవాళ్ళ కాఫీలకి పాలపొడి 150 గ్రాములు చాలు, ముందు కొద్ది గోరువెచ్చటి నీళ్ళలో పేస్టులా కలిపి తర్వాత వేడినీళ్ళు పోస్తే ఉండకట్టదు. శొంఠి, బెల్లం వేసిన కాఫీ చేసుకుంటే పాలు మరుగుతుండగా బెల్లం వేయకండి, విరిగిపోతాయి. దించి రెండు నిమిషాలు ఆగి కలపండి. పెరుగు అక్కడ తోడుకోదు, చలికి పొద్దుటికి కూడా పాలు పాలలాగే ఉంటాయి. మొదటి రోజుకి కావలసినంత ఇంట్లో తోడుపెట్టి, బిగుతు మూత స్టీలు డబ్బాలో తీసుకెళ్ళండి.